10 గిగాహెర్ట్జ్ హెలిక్స్ ట్యూబ్: పవర్ ఉండాలె, నాయిస్ తగ్గాలె, ఎట్ల?

నల్గొండ నుంచి:
అన్నలకు నమస్తే. 40 వాట్ల ట్రావెలింగ్ వేవ్ ట్యూబ్ (ఎలక్ట్రాన్ల బీమ్‌తోని మైక్రోవేవ్ సిగ్నల్‌ను పెంచే వాక్యూమ్ ట్యూబ్) డిజైన్ చేస్తున్న. బీమ్ 4 కిలోవోల్టులు, 60 మిల్లీఆంపియర్లు. సిగ్నల్ పోయే తీగ చుట్ట, అంటే హెలిక్స్, ఒకటే ముక్క, గెయిన్ 46 డీబీ, చివరల అల ఎంత వాపసు తిరుగుతదో చెప్పే లెక్క, రెండు దిక్కుల వీఎస్‌డబ్ల్యూఆర్ 1.5. సిమ్యులేషన్ల ఇన్‌పుట్ ఇయ్యకున్నా పవర్ వస్తుంది. నాయిస్ ఫిగర్ (ట్యూబ్ సొంతంగ కలిపే రొద లెక్క) 30 డీబీ. ఎలక్ట్రాన్లను పంపే గన్ మార్చాల్నా?

పాలమూరు నుంచి:
గన్ ముట్టుకోకు తమ్మీ. ఇన్‌పుట్ లేకుండ వచ్చేది ఆసిలేషన్, అంటే అల రెండు చివరల నుంచి తిరిగొచ్చి ట్యూబ్ తనంతట తానే మోగుడు. 1.5 అంటే రిటర్న్ లాస్ (తిరిగొచ్చే అల ఎంత తగ్గిందో) దిక్కుకు 14 డీబీ, రెండు కలిపి 28. వాపసు వచ్చేటప్పుడు హెలిక్స్ లాస్ ఇంకో 4 అనుకో. గెయిన్ 32 దాటితే మోగుడు ఖాయం, నీది 46.

హెలిక్స్‌ను రెండు ముక్కలు చేసి నడుమ సివర్ (తిరిగొచ్చే అలను మింగే తెంపు) పెట్టు. ముక్కకు 26 డీబీ, సివర్ దగ్గర 6 పోతది, మళ్ల 46 మిగులుతది. హెలిక్స్ ఇంపీడెన్స్ (అల బీమ్‌తోని ఎంత బలంగ కలుస్తదో) 30 ఓమ్‌లు ఉంటే ఒక్కో బీమ్ తరంగదైర్ఘ్యానికి, అంటే ఒక్క సైకిల్‌ల బీమ్ పోయే 3.75 మి.మీ.కు, 2.3 డీబీ పెరుగుతది. గా లెక్కన సివర్ దగ్గర పోయే 6 డీబీ కోసం పొడవు ఓ 10 మి.మీ. పెంచాలె. సివర్ దగ్గర అలను మింగనీకి, హెలిక్స్‌ను పట్టే సపోర్ట్ రాడ్ల మీద కార్బన్ పూత పల్చగ మొదలై కొన్ని చుట్లల్ల మందం కావాలె. ఒక్కసారే మొదలైతే ఆ అంచే అలను తిప్పికొడ్తది. అవుట్‌పుట్ ముక్క గెయిన్ 20 కంటే తగ్గనీయకు, ఎఫిషియెన్సీ పడిపోతది.

నాయిస్ సంగతి: పవర్ ట్యూబ్‌కు 30 డీబీ మామూలే. ఎలక్ట్రాన్లు ఎగుడుదిగుడుగ వెలువడే క్యాథోడ్ షాట్ నాయిస్‌కు తోడు, హెలిక్స్‌కు తగిలే ఎలక్ట్రాన్ల నాయిస్ కలుస్తది. పాత లో-నాయిస్ ట్యూబులల్ల కరెంటు బాగ తక్కువ, వోల్టేజీ తక్కువ, యానోడ్లు నాలుగైదు. వాటితోని 40 వాట్లు రావు. ముందర 2 డీబీ నాయిస్, 30 డీబీ గెయిన్ ఉన్న ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ పెట్టు. మొత్తం నాయిస్ 4.1 డీబీకి దిగుతది.

సూర్యాపేట నుంచి:
అయస్కాంతాలు కూడా చూడు తమ్మీ. బీమ్ వ్యాసార్ధం 0.4 మి.మీ. అయితే బ్రిల్వాఁ ఫీల్డ్ (బీమ్ ఉబ్బకుండ పట్టే కనీస అయస్కాంత బలం) 640 గాస్. పీరియాడిక్ మాగ్నెట్లకు (ఒకదాని తర్వాత ఒకటి దిక్కు మారే అయస్కాంతాలకు) పీక్ కనీసం 900 ఉండాలె, 1200 దగ్గర మొదలుపెట్టు. ఫెర్రైట్ పెడితే డిగ్రీకి 0.2 శాతం తగ్గుతది. మన ఎండలకు బేస్‌ప్లేట్ 40 డిగ్రీలు ఎక్కితే 8 శాతం పోయినట్టే. బీమ్ ఉబ్బి హెలిక్స్ కరెంటు పెరుగుతది, నాయిస్ కూడా. అవుట్‌పుట్ దిక్కు చివరి చుట్లే ముందుగాల కాలుతయి, గుత్తులైన ఎలక్ట్రాన్లు ఆడ్నే బయటికి నెట్టుకుంటయి. సమేరియం కోబాల్ట్ పెట్టు, అంతే వేడికి 2 శాతం లోపలే తగ్గుతది.