స్పానిష్ 'తర్దార్' అంటే కావాలని లేట్ చేయడమా, ఊరికే టైం పట్టడమా?

ఫ్రెంచ్ కొంచెం వచ్చు, ఇప్పుడు స్పానిష్ నేర్చుకుంటున్నా. లాటిన్ 'తార్దారే' నుంచి వచ్చిన క్రియ రెండిట్లోనూ ఉంది కానీ వాడకం వేరు. స్పానిష్‌లో 'తర్దే దోస్ ఒరాస్ ఎన్ యెగార్' అంటే రావడానికి 2 గంటలు పట్టింది, అంతే, ఫ్రెంచ్‌లో మాత్రం 'తార్దే ఆ రెపోంద్ర్' అంటే జవాబివ్వకుండా నాన్చినట్టు అనిపిస్తుంది నాకు, పైగా అదే క్రియతో 'ఇల్ మ తార్ద్ ద త రవ్వార్' అంటే నిన్ను మళ్ళీ ఎప్పుడెప్పుడు చూస్తానా అని ఉంది అని అర్థం, ఎంత బాగుందో! ఇటాలియన్‌లో కూడా ఫ్రెంచ్ లాగే ఈ క్రియ తర్వాత 'ఆ' అనే ప్రిపొజిషన్ వస్తుంది, స్పానిష్‌లోనే 'ఎన్'.

నా డౌట్ ఏంటంటే 'తర్దారోన్ ఎన్ రెస్పోందెర్' (జవాబివ్వడానికి టైం తీసుకున్నారు) అని మెయిల్‌లో రాస్తే మీరు కావాలనే ఆలస్యం చేశారు అని నిందించినట్టు ఉంటుందా? స్పెయిన్‌లో గానీ మెక్సికోలో గానీ ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్, అక్కడి యూనివర్సిటీకి మర్యాదగా రాయాలి.