గీతలు నిండుగా ఉన్నా మాట తెగిపోతోంది: ఇంట్లో సిగ్నల్ బూస్టరు ఉంచాలా, తీసేయాలా?

నల్లబండ (కడప):
పాలకొండల వైపు వెలసిన కొత్త కాలనీలో మాది రెండంతస్తుల ఇల్లు. గోడలు రాతివి, పైన కాంక్రీటు మిద్దె. కింది గదుల్లో ఫోను మోగదు. అందుకని మిద్దె మీద యాగీ యాంటెన్నా (ఒక దిక్కుకు గురిపెట్టే కడ్డీల యాంటెన్నా) నిలబెట్టి, తీగను మెట్ల గది గుండా దించి, సిగ్నల్‌ను 70 డెసిబెల్ (బలంలో ఎక్కువ తక్కువలు చెప్పే కొలత) పెంచే బూస్టరు పెట్టించాము. లోపలి యాంటెన్నాను పై అంతస్తు కప్పుకు బిగించారు. ఇప్పుడు ఫోనులో గీతలన్నీ నిండుగా ఉన్నాయి, అవతలివారి మాట మాకు స్పష్టంగా వినిపిస్తోంది. మా మాట మాత్రం వారికి ముక్కలు ముక్కలుగా చేరుతోంది. కువైట్ నుంచి తమ్ముడు ఫోను చేసినప్పుడు అమ్మ చెప్పేది అతనికి సగం కూడా అందడం లేదు. లోపం ఎక్కడ ఉండవచ్చు?

హంద్రీ ఒడ్డు (కర్నూలు):
ఏ తీగ వాడారో ముందు చెప్పండి. టీవీ కేబులు వాడి ఉంటే లోపం అక్కడే ఉంది. బూస్టరుకు 50 ఓముల (తీగ విద్యుత్ లక్షణాన్ని తెలిపే అంకె) తీగ కావాలి, టీవీ కేబులు 75 ఓములది.

నల్లబండ:
టీవీ కేబులే. అమ్మిన దుకాణదారు ఇదే చాలన్నాడు.

హంద్రీ ఒడ్డు:
అయితే ఇక చర్చ అవసరం లేదు. తీగ మార్చండి.

పాత లైన్‌మన్ (కర్నూలు):
తొందరపడవద్దు. 75, 50 ఓముల తేడా వల్ల ఒక్కో అతుకు దగ్గర పోయేది డెసిబెల్‌లో ఐదో వంతు కూడా ఉండదు. మొబైల్ తరంగాల్లో ఒకటైన 900 మెగాహెర్ట్జ్ దగ్గర మంచి టీవీ కేబులులో వంద మీటర్లకు సుమారు 20 డెసిబెల్ పోతే, దుకాణాల్లో దొరికే సన్నని 50 ఓముల ఆర్‌జీ 58 తీగలో అంతకు రెట్టింపు పైనే పోతుంది. మందమైన 50 ఓముల తీగ దొరికితే మంచిదే, కానీ ఈ రోగానికి అది మందు కాదు.

రోగ లక్షణం ఆయన మాటల్లోనే ఉంది. టవరు నుంచి ఫోనుకు వచ్చే దారి బాగుంది, ఫోను నుంచి టవరుకు పోయే దారి చెడింది. గీతలు మొదటి దారి బలాన్ని మాత్రమే చూపుతాయి, శుభ్రతను చూపవు. మిద్దె మీది యాంటెన్నాకు సరిగ్గా కింద, ఒకే కప్పుకు అటూ ఇటూ, లోపలి యాంటెన్నా ఉన్నదంటున్నారు. 70 డెసిబెల్ పెంచే పెట్టెకు ఆ రెండు యాంటెన్నాల మధ్య కనీసం 85 డెసిబెల్ ఐసొలేషన్, అంటే ఒకదాని సిగ్నల్ రెండోదానికి చేరకుండా ఆపే ఎడం, ఉండాలి. ఒక్క కప్పు అంత ఇవ్వలేదు. లోపలి యాంటెన్నా విడిచినది బయటి యాంటెన్నా మళ్లీ పట్టుకుంటుంది, పెట్టె దాన్ని మళ్లీ పెంచుతుంది. జాతరలో మైకును స్పీకరుకు ఎదురుగా పెడితే కీచుమని అరిచినట్టే ఇదీ అరుస్తుంది, కాకపోతే మన చెవికి వినబడదు.

పరీక్ష సులువు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో *#*#4636#*#* నొక్కితే సిగ్నల్ అంకెలు కనిపిస్తాయి. ఆర్‌ఎస్‌ఆర్‌పీ (సిగ్నల్ బలం) మైనస్ 80 దగ్గర ఉండి కూడా ఎస్‌ఐఎన్‌ఆర్ (రొదతో పోలిస్తే సిగ్నల్ ఎంత) సున్నా చుట్టూ తిరుగుతుంటే బలం ఉంది, శుభ్రత లేదన్నమాట. లోపలి యాంటెన్నాను కింది అంతస్తుకు, బయటి యాంటెన్నాకు వీలైనంత దూరంగా మార్చి, యాగీ ముఖం ఇంటికి అవతలి దిక్కున ఉన్న టవరు వైపు తిప్పి, పెట్టె గెయిన్‌ను (సిగ్నల్‌ను పెంచే మోతాదును) తగ్గించి చూడండి. గెయిన్ తగ్గిస్తే గీతలు తగ్గుతాయి, మాట మెరుగవుతుంది. ఇంకొకటి: 900, 1800 మెగాహెర్ట్జ్ తరంగాలను పెంచే పెట్టె 2300 మెగాహెర్ట్జ్ మీద నడిచే 4జీని ముట్టుకోదు. అక్కడ రాకకూ పోకకూ ఒకే తరంగం వంతులవారీగా పనిచేస్తుంది కాబట్టి దానికి వేరే పెట్టె కావాలి.

టవర్ క్లాక్ (అనంతపురం):
లైన్‌మన్ గారి సాంకేతిక జ్ఞానానికి నమస్కారం. కానీ మీరు బాగుచేయమంటున్నది ఇంట్లో ఉండకూడని వస్తువును. అనుమతి లేకుండా రేడియో పరికరాన్ని దగ్గర ఉంచుకోవడమే తప్పని 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం చెప్పింది. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం కూడా రేడియో పరికరానికి అనుమతి కావాలనే అంటుంది. బూస్టరు పెట్టే హక్కు లైసెన్సున్న మొబైల్ కంపెనీలదే. ఆన్‌లైనులో అమ్ముతున్నంత మాత్రాన అది చట్టబద్ధం కాదు.

హంద్రీ ఒడ్డు:
చట్టం సంగతి తరువాత. తీగ మార్చారా లేదా?

నల్లబండ:
టవర్ క్లాక్ గారూ, చట్టం నాకు మీరు చెప్పవలసిన పని లేదు. నేను వాడే కంపెనీకి ఫిర్యాదు చేస్తే ఒక నంబరు ఇస్తారు, కొన్నాళ్లకు సమస్య పరిష్కారమైందని సందేశం వస్తుంది, ఇంట్లో ఫోను మాత్రం మోగదు. అడిగితే మీ ఇంటి గోడలు మందమంటారు. గోడలు పలుచన చేసుకోవాలా? నెలనెలా డబ్బు తీసుకునే కంపెనీ పని చేయనప్పుడు నేను నా ఇంట్లో నా డబ్బుతో చేసుకుంటే దొంగనైపోయానా?

పెన్న గాలి (ప్రొద్దుటూరు):
వైఫై కాలింగ్ పెట్టుకోండి. గొడవ ఉండదు.

నల్లబండ:
అమ్మది మీటల ఫోను. అందులో వైఫై లేదు. కొత్త ఫోను ఆమెకు చేతకాదు.

టవర్ క్లాక్:
దొంగ అని నేను అనలేదు. మీకు కంపెనీ అన్యాయం చేసిందనుకున్నా, ఆ అన్యాయానికి పరిహారంగా గాలిలోని తరంగం మీ సొంతం కాదు. దాన్ని వేలంలో కొన్నవారు వేరే ఉన్నారు.

నల్లబండ:
కొన్నవారు వాడనప్పుడు నేను వాడుకుంటాను.

బుగ్గవంక (కడప):
ఇంతవరకు చదువుతూ ఊరుకున్నాను. మా ఇల్లు అదే కాలనీలో వెనుక వీధిలో ఉంది. దసరా తరువాత నుంచి మా వీధిలో కాల్స్ మధ్యలో తెగిపోతున్నాయి, రాత్రి అంబులెన్సుకు ఫోను కలవక మా పక్కింటివారు నానా అవస్థా పడ్డారు. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. లైన్‌మన్ గారూ, ఆ అరుపు ఇంటి లోపలే ఉండిపోతుందా, బయటికి కూడా పోతుందా?

పాత లైన్‌మన్:
పోతుంది. టవరు వైపు వెళ్లే దారిలో పెట్టె అరిస్తే, ఆ శబ్దం యాగీ గుండా నేరుగా టవరు చెవిలో పడుతుంది. బలహీనమైన ఫోన్ల మాట ఆ రొదలో మునిగిపోతుంది. ఆ సెక్టారు (టవరు ఒక దిక్కున చూసుకునే ప్రాంతం) కింద ఉన్న అందరికీ ఇబ్బందే. అయితే మీ వీధి సమస్యకు ఇదే కారణమని పెట్టె ఆపి చూడకుండా నేను చెప్పను.

నల్లబండ:
ఇదేమి న్యాయం? కాలనీలో ఏ కాల్ తెగినా ఇక నా మెడకే చుడతారా? దసరాకు ముందు మీ వీధిలో సిగ్నల్ ధారాపాతంగా ఉండేదా?

బుగ్గవంక:
ఉండేది కాదు. ఎందుకు ఉండేది కాదో చెప్పమంటారా అన్నా? మూల మీది మూడంతస్తుల ఇంటి మిద్దె మీద టవరు పెడతామని కంపెనీవారు వచ్చినప్పుడు, రేడియేషన్ వస్తుంది, పిల్లలకు జబ్బులు వస్తాయని కాలనీలో కాగితం తిప్పారు. దాని మీద సంతకాలు పెట్టినవారిలో మీరు ఉన్నారు, నేను లేను. టవరు వెనక్కి పోయింది. ఇప్పుడు మీరు సొంతంగా చిన్న టవరు పెట్టుకుని, దాని రొద మాకు పంచుతున్నారు.

నల్లబండ:
సంతకం పెట్టాను, దాచవలసిన పని లేదు. ఇంటికి ఇరవై అడుగుల దూరంలో పగలూ రాత్రీ టవరు పనిచేస్తుంటే ఏ తండ్రి ఒప్పుకుంటాడు? బూస్టరు విడిచేది అందులో ఎన్నో వంతు? ఆ రెంటికీ పోలిక తెస్తే నేను జవాబు చెప్పను.

పాత లైన్‌మన్:
నేను చెబుతాను, ఎందుకంటే ఇది లెక్క. మన దేశంలో టవరు విడిచే తరంగాల పరిమితిని 2012 సెప్టెంబరు 1 నుంచి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు తగ్గించారు. 900 మెగాహెర్ట్జ్‌కు అది చదరపు మీటరుకు 0.45 వాట్లు. అనుమానం ఉంటే టవర్ల తరంగాల వివరాలకు ప్రభుత్వం పెట్టిన తరంగ్ సంచార్ పోర్టల్‌లో రుసుము కట్టి కొలిపించుకోవచ్చు. మిద్దె మీది యాంటెన్నా కిరణం అడ్డంగా దూరానికి పోతుంది, నేరుగా కిందికి చాలా తక్కువ దిగుతుంది. ఇక టవరు దూరమైనకొద్దీ మీ చేతిలోని ఫోను తన శక్తిని పెంచుకుంటుంది. పాత 2జీ మీటల ఫోను 900 మీద గరిష్ఠంగా 2 వాట్ల వరకు విడవగలదు, అదీ మీ అమ్మగారి చెవికి ఆనుకుని. టవరు దగ్గరగా ఉంటే ఆ ఫోను తన శక్తిని ఎంతో తగ్గించుకుని మాట్లాడుతుంది.

నల్లబండ:
లెక్కలు మీవి, పిల్లలు మావి.

బుగ్గవంక:
అంబులెన్సు కోసం ఎదురుచూసింది కూడా మా పిల్లలే.

టవర్ క్లాక్:
ఇంతసేపూ నేను చట్టం అంటున్నాను, ఆయన కంపెనీ అంటున్నారు. అసలు తగాదా కాలనీలో టవరు ఎవరి ఇంటి పక్కన ఉండాలన్నదా?

హంద్రీ ఒడ్డు:
తీగ మార్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

పాత లైన్‌మన్:
తీగ మార్చినా పెట్టె అరుస్తుందయ్యా. యాంటెన్నాల మధ్య ఎడం లేదు. నల్లబండ గారూ, వాదన పక్కన పెట్టి రేపు సాయంత్రం ఒక గంట పెట్టెను ఆపండి. బుగ్గవంక గారు ఆ గంటలో తమ వీధి నుంచి కాల్స్ చేసి చూడనీయండి. తరువాత మళ్లీ వేసి ఇంకో గంట చూడండి. తేడా ఉంటే తెలుస్తుంది, లేకపోతే అదీ తెలుస్తుంది.

నల్లబండ:
సాయంత్రం కుదరదు, తమ్ముడు చేసేది ఆ వేళకే. పొద్దున ఆపుతాను. తేడా కనిపిస్తే లోపలి యాంటెన్నాను కిందికి మారుస్తాను, గెయిన్ తగ్గిస్తాను. పెట్టెను మాత్రం తీయను.

బుగ్గవంక:
పొద్దున ఏడు నుంచి ఎనిమిది వరకు ఆపండి, మా వీధిలో ముగ్గురం చూస్తాము. మూల ఇంటాయన మిద్దె ఇవ్వడానికి ఇప్పటికీ సిద్ధంగానే ఉన్నారు. కంపెనీకి మళ్లీ అర్జీ రాస్తున్నాము. మీ సంతకం అడగడానికి ఆదివారం వస్తాను.

నల్లబండ:
రండి. కాఫీ ఇస్తాను, సంతకం సంగతి మాట్లాడుకున్నాక చూద్దాం.