పాత సంఘం హాలు ఎప్పటిది? ఫలకం సగమే చదవగలుగుతున్నాం

వన్‌టౌన్ వాసి:
విజయవాడ వన్‌టౌన్‌లో ఓ వర్తక సంఘం హాలు. చందాదారుల నాపరాయి ఫలకం నిండా సున్నం పొరలు. ‘రాక్షస నామ సం’, ఓ పేరు పక్కన ‘రూ. 25-8-0’ మాత్రమే కనపడుతున్నాయి. సంఘం వాళ్లేమో 1975 నాటిదంటున్నారు. యాసిడ్‌తో కడగొచ్చా?

రాతిపని:
యాసిడ్ జోలికి వెళ్లకండి. నాపరాయీ సున్నపురాయే, పొరతోపాటు అక్షరాలూ కరిగిపోతాయి. తడి గోనెపట్టా ఓ పూట కప్పి ఉంచి, నానిన పొరను వెదురుబద్దతో మెల్లగా గీకండి. ఇనప బ్రష్ వద్దు. చీకటి పడ్డాక టార్చిని రాయికి దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు పడేలా పట్టి ఫొటో తీయండి. అరిగిన గీతలు నీడల్లో తేలతాయి. ఎదురుగా ఫ్లాష్ కొడితే ఏమీ కనపడదు.

పంచాంగం:
రాక్షస అరవయ్యేళ్లకోసారి వస్తుంది: 1915-16, మళ్లీ 1975-76. కానీ 25-8-0 అంటే పాతిక రూపాయల ఎనిమిదణాలు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాక 1975లో అణాల్లో ఎవరు చెక్కిస్తారండీ? 1915 ఉగాది తర్వాతిదే. అయితే అది చందా ఏడాది. గోడలు కట్టింది ఆ ఏడే అనుకోవద్దు.

కృష్ణలంక:
పైకప్పు దూలాలూ చూడండి. ఇనప గర్డరు నడుముమీద కంపెనీ పేరు ఉబ్బెత్తుగా ఉంటుంది, రంగు కింద దాక్కుంటుంది. టాటా అని ఉంటే 1912కి ముందుది కాదు, ఉక్కు అప్పుడే మొదలెట్టారు. తర్వాత మార్చిన దూలమైతే మాత్రం హాలు వయసు చెప్పదు. జిల్లా రిజిస్ట్రార్ దగ్గర సంఘం రిజిస్ట్రేషన్ నకలు అడిగేటప్పుడు ‘బెజవాడ’ పేరుతోనూ వెతికించండి, పాత దస్త్రాల్లో అదే ఉంటుంది.