దేవుని పిలుపు ఉన్నవాడికి బైబిల్ కాలేజీ కావాలా?

పాకాల తమ్ముడు:
అందరికీ వందనాలు. మా సంఘంలో ఒక అబ్బాయి చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కూలి పని చేస్తాడు. షిఫ్ట్ అయ్యాక నాలుగు ఇళ్ళలో ప్రార్థన కూడికలు పెడతాడు. కొత్తవాళ్ళు వస్తున్నారు. పెద్దలేమో 'మూడేళ్ళు బైబిల్ కాలేజీకి పోయి రా, అప్పుడే సువార్త పని అప్పగిస్తాం' అంటున్నారు. మండే పొయ్యి మీద నీళ్ళు పోయడం కాదా ఇది?

కుప్పం అన్న:
ముమ్మాటికీ అదే. ఒంగోలు ప్రాంతంలో ఎర్రగుంట్ల పేరయ్య ఏ కాలేజీలో చదివాడు? తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరుగుతూ తనవాళ్ళకు చెప్పాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారంటే ఆ పునాది అలాంటివాళ్ళదే. యేసు శిష్యులు పేతురు, యోహానులు కూడా 'విద్యలేని పామరులే' కదా.

పలమనేరు టీచరమ్మ:
అన్నా, సగమే చెప్పారు. ఆ బాప్తిస్మాలిచ్చిన అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ వాళ్ళే బోధకుల కోసం రామాయపట్నంలో సెమినరీ, అంటే వేదాంత పాఠశాల, పెట్టింది 1870లలోనే. మా పలమనేరులోనూ ఆర్కాట్ మిషన్ వేదాంత పాఠశాల నడిచింది. పేతురును చూపించి పౌలును దాచేస్తే ఎలా? ఆయన గమలీయేలు అనే యూదా ధర్మశాస్త్ర బోధకుడి దగ్గర చదివినవాడు. ఎఫెసులో తురన్ను పాఠశాలలో రెండేళ్ళు రోజూ చర్చించాడు. ఆసియ అంతా వాక్యం విన్నది ఆ రెండేళ్ళలోనే (అపొస్తలుల కార్యములు 19).

తిరుపతి పాస్టర్:
నేను బి.డి. (వేదాంత డిగ్రీ) చేసి వచ్చినవాణ్ణే. మొదటి ప్రసంగంలో 'నీతిమంతులుగా తీర్చబడుట' గురించి నలభై నిమిషాలు గ్రీకు మాటలతో దంచాను. బయటికొచ్చాక ఒక అవ్వ 'బాగా చదివినావు నాయనా' అనింది. బాగా చెప్పినావు అనలేదు.

అయినా ఆ చదువు వృథా అనను. మా ఊళ్ళో పక్కింటివాళ్ళంతా గోవిందుడి భక్తులు. కాలేజీకి పోకముందు నేను కరపత్రం బట్టీ పట్టి, వాళ్ళ దేవుణ్ణి తక్కువ చేసి మాట మొదలుపెట్టేవాణ్ణి. అక్కడితో తలుపు మూసేవాళ్ళు. కాలేజీలో ఇతర మతాల పేపర్ కోసం వైష్ణవ భక్తి గురించి కూర్చుని చదివాక నోరు అదుపులోకి వచ్చింది. తిరుమల కొండ మీద అన్యమత ప్రచారాన్ని 2007లోనే నిషేధించారు. అది తెలియక ఒకడు ఉత్సాహంగా కరపత్రాలతో కొండెక్కితే సంఘమంతా స్టేషన్ చుట్టూ తిరగాలి.

కుప్పం అన్న:
అది మర్యాద, పాస్టర్ గారూ. ఇంట్లో అమ్మ నేర్పుతుంది. దానికి డిగ్రీ ఎందుకు?

తిరుపతి పాస్టర్:
మా అమ్మ నేర్పింది, నేనే నేర్చుకోలేదు! నా గొడవ చదువుతో కాదు, మూడేళ్ళ హాస్టల్‌తో. ఊరి నుంచి పెరికేస్తే ఆ నాలుగిళ్ళ కూడికలు ఆరిపోతాయి. డిగ్రీ వచ్చాక టౌన్ చర్చి వెతుక్కున్నవాళ్ళను చాలామందిని చూశాను. 1963లో గ్వాటెమాలాలో ఒక సెమినరీ విద్యార్థులను ఊళ్ళోనే ఉంచి, పాఠాలనే వాళ్ళ దగ్గరికి పంపింది. మనకు బెంగళూరులో 1971లో మొదలైన టాఫ్టీ (TAFTEE) అనే దూరవిద్య వేదాంత సంస్థది అదే పద్ధతి. పాఠం ఇంట్లో చదువుకుని, అప్పుడప్పుడూ గుంపుగా కూర్చుని చర్చిస్తారు. ఫ్యాక్టరీ మానక్కర్లేదు.

పాకాల తమ్ముడు:
సీజన్‌లో షిఫ్ట్ మీద షిఫ్ట్ పడుతుంది అయ్యగారూ, పుస్తకం తెరిస్తే నిద్రపోతాడు. అయినా ఆదివారం పెద్దల ముందు పెడతా. ఫీజు సంఘం కట్టాలా, వాడే కట్టుకోవాలా అన్నచోట మళ్ళీ గొడవ ఖాయం.