ఎదుటి మగమనిషిని "ఆమె" అనడమేమిటి? ఇటాలియన్ "లెయి" గురించి

ప్రశ్న: ఇటాలియన్ నేర్చుకుంటున్నాను. గౌరవంగా పలకరించడానికి "లెయి" అనాలట. దాని అర్థం "ఆమె" కదా! మగవారినీ అలాగే అనాలా?

జవాబు: అలాగే అనాలి. గడ్డం నెరిసిన ప్రొఫెసరునైనా "లెయి కోమె స్తా?" అనే అడుగుతారు. మాటకు మాట పెడితే "ఆమె ఎలా ఉంది?" అని. సెలవు తీసుకుంటూ అనే "అర్రివెదెర్ల"లో చివరి "ల" కూడా ఈ "ఆమే".

పూర్వం పెద్దవారిని "వోస్త్ర సిన్యోరియా" అనేవారు, అంటే "మీ దొరతనం". ఆ "సిన్యోరియా" స్త్రీలింగ పదం కాబట్టి దాని సర్వనామమూ స్త్రీలింగమే అయింది. మనకిది మరీ వింతేమీ కాదు. "అయ్యగారు ఎప్పుడు వచ్చారు?" అని ఆ అయ్యగారినే అడుగుతాం. "తమరు" కూడా ప్రథమ పురుషలోంచి వచ్చి ఎదుటివారికి గౌరవవాచకమైన మాటే.

ఈ చిన్న మాట మీద ముస్సోలినీ ప్రభుత్వం కత్తి కట్టింది. 1938లో ఫాసిస్టు పార్టీవారు, ప్రభుత్వోద్యోగులు "లెయి" మానేసి "వోయి", అంటే "మీరు", అనాలని ఆజ్ఞలు వచ్చాయి. "లెయి" స్పెయిన్ ఏలుబడిలో అంటుకున్న బానిస వాడుక అని వారి వాదన. అది చరిత్రకు నిలవదు. స్పానిష్ ప్రభావం ఆ వాడుకకు బలమిచ్చిన మాట నిజమే గాని, అది అంతకుముందే ఇటలీలో ఉంది. "లెయి" అనే మహిళా వారపత్రిక సైతం ఆ ఏడే "అన్నబెల్ల"గా పేరు మార్చుకుంది. ఆ పేరులోని "లెయి"కి మర్యాదతో పనే లేదు, ఉత్త "ఆమె" మాత్రమే! ఇంటి మాటల్లోకి కూడా సర్కారు చొరబడితే ఇలాగే ఉంటుంది.

ప్రశ్న: మరి ఇప్పుడు "వోయి" పోయిందా?

జవాబు: బహువచనంగా అందరికీ ఉంది. గౌరవార్థంలో నేపుల్స్‌లోనూ, దక్షిణాదిలోనూ పెద్దవారి నోట ఇప్పటికీ వినిపిస్తుంది. దాన్ని ఫాసిజం అవశేషం అనుకోకండి, అది అక్కడి పాత మర్యాద. 1943లో ముస్సోలినీ పడిపోయాక "లెయి" తన చోటికి తిరిగొచ్చింది. 1968 విద్యార్థి ఉద్యమాల తరువాత యువతలో "తు", అంటే మన "నువ్వు", బాగా పాకింది. దానికి ఎవరి ఆజ్ఞా అక్కరలేకపోయింది.

మీరు మాత్రం కొత్తవారితో "లెయి"తోనే మొదలుపెట్టండి. వయసులో పెద్దవారు "దియామొచి దెల్ తు" అనవచ్చు, అంటే ఇక "తు" అనుకుందామని. అప్పుడు మారవచ్చు.