అప్‌డేట్: లండన్ నుంచి పారిస్‌కు రైలే ఎక్కాం

ఇరవై మంది విద్యార్థులతో లండన్ నుంచి పారిస్‌కు విమానంలో వెళ్లాలా, రైలులోనా అని అడిగాను కదా. మీరు చెప్పినట్టే యూరోస్టార్ రైలు ఎక్కాం. ఎంత మంచి సలహా! లండన్‌లోని సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌లోనే ఫ్రెంచి అధికారులు పాస్‌పోర్టులు, షెంజెన్ వీసాలు (చాలా ఐరోపా దేశాలకు చెల్లే ఉమ్మడి వీసాలు) చూసేశారు. ఇంగ్లిష్ ఛానల్ సముద్రం కింద వెళ్లే 50 కిలోమీటర్ల సొరంగం దాటి, రెండుంబావు గంటల్లో పారిస్‌లో దిగాం. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం సెలవని హెచ్చరించినవారికి ప్రత్యేకంగా ధన్యవాదాలు, బుధవారానికి మార్చుకున్నాం.

నా మనసు మాత్రం లండన్‌లో చూసిన బ్రిటిష్ మ్యూజియంలోనే ఉండిపోయింది. అక్కడ అమరావతి స్తూపం శిల్పాలున్నాయి. సున్నపురాతిలో చెక్కిన తామర రేకులను అద్దం ఇవతలి నుంచే వేలితో గీస్తూ, మా గుంటూరు అమ్మాయి "మేడమ్, ఇవి మా ఊరి పక్కవి" అంది. పావుగంటసేపు అక్కడి నుంచి కదలలేదు. నేనూ తొందరపెట్టలేదు.