ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) లోపల ఎలక్ట్రిక్ ఆటోలు: మిగిలేది డ్రైవర్‌కా, ఇంకెవరికా?
(ఇది చర్చ. ప్రతి మాట ముందున్నది రాసినవారి మారుపేరు.)

అడ్డా లెక్క:
2025లో హైదరాబాద్ ఓఆర్ఆర్ లోపల కొత్తగా 65 వేల ఆటో పర్మిట్లకు ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. అందులో 20 వేలు ఎలక్ట్రిక్, 25 వేలు పాత ఆటోకు మోటారు బిగించి మార్చే రెట్రోఫిట్, ఎల్పీజీ, సీఎన్జీ చెరో పది వేలు. ఎలక్ట్రిక్ అయితే 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ. అంతా బాగానే ఉంది. ఈ మాఫీలో డ్రైవర్ జేబుకు ఎంత చేరుతుందో చూద్దాం.

నెలకు 2,500 కి.మీ. తిరిగే ఆటో తీసుకోండి. సీఎన్జీ వంద కి.మీ.కు 3 కేజీల లెక్కన నెలకు 75 కేజీలు, సుమారు 7,000 రూపాయలు. ఎలక్ట్రిక్ వందకు బ్యాటరీ నుంచి 8 యూనిట్లు లాగుతుంది, చార్జర్‌లో పోయేది కలిపితే మీటర్ మీద 9. అంటే నెలకు 225 యూనిట్లు. ఇవి ఎక్కడ ఎక్కించాడన్నదాన్ని బట్టి ఖర్చు 1,350 కావచ్చు, 4,000 కావచ్చు. సొంతిల్లు ఉన్నవాడికి మొదటిది, కిరాయి గదిలో ఉండి పబ్లిక్ చార్జర్‌కు పోయేవాడికి రెండోది. అన్యాయం అక్కడే మొదలవుతుంది.

ఉప్పల్ రింగ్:
4,000 అయినా 7,000 కన్నా తక్కువే కదా అన్నా.

టారిఫ్ చూడండి:
మొదటి లెక్కలో ఒకటి సరిచేయాలి. సొంతిల్లు ఉన్నా 1,350 పడదు. అది యూనిట్ 6 రూపాయల ఎల్‌టీ-9 అనే కరెంటు టారిఫ్ కేటగిరీ, ఈవీ (ఎలక్ట్రిక్ వాహనం) చార్జింగ్‌కు వేరే మీటర్ ఉంటేనే వర్తిస్తుంది. ఇంటి మీటర్ మీద పెడితే సంగతి వేరు.

తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇంటికి గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. ఇంట్లో 100 యూనిట్లు కాలుతున్నాయనుకోండి. ఆటో 225 కలిస్తే 325. 200 దాటింది కాబట్టి దాటిన భాగానికే కాదు, మొత్తానికీ బిల్లు. మొదటి 200కు 5.10 చొప్పున 1,020, తర్వాతి 100కు 7.70 చొప్పున 770, మిగిలిన 25కు 9 చొప్పున 225. కలిపి 2,015, ఫిక్స్‌డ్ చార్జీలు అదనం. నిన్నటిదాకా సున్నా కట్టిన ఇల్లు అది. ఆటో యూనిట్ ఒక్కోటి దాదాపు 9 రూపాయలు పడ్డట్టు. పేదవాడికి ఒక చేత్తో ఇచ్చిన పథకాన్ని ఇంకో చేత్తో తీసుకున్నట్టే ఇది. దీని గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

అడ్డా లెక్క:
మంచి పాయింట్. కానీ కిరాయి ఇంటివాళ్ళకు 325 యూనిట్ల మీటర్ వాడుకునే వీలే ఉండదు. ఓనర్ ఒప్పుకోడు.

వైరింగ్ షాపు:
ఓనర్ ఒప్పుకోకపోవడానికి కారణం పిసినారితనం ఒక్కటే కాదండీ. పాత గదుల్లో ప్లగ్ పాయింటుకు 1.5 చదరపు మి.మీ. వైరు, కొన్నిచోట్ల 1 ఉంటుంది. ఆటో చార్జర్ 3 కిలోవాట్లకు పైగా తీసుకుంటుంది, అంటే 14-15 ఆంపియర్లు నాలుగు గంటలు ఆగకుండా. గీజర్ పావుగంటలో ఆగిపోతుంది, ఇది ఆగదు. 1 చదరపు మి.మీ. వైరుతో 30 మీటర్ల ఎక్స్‌టెన్షన్ లాగితే దాదాపు 20 వోల్టులు వైరులోనే పడిపోతాయి, 300 వాట్లు వేడిగా మారి ఆ వైరు చుట్టలోనే ఉంటాయి. చుట్ట విప్పకుండా వాడితే ఇన్సులేషన్ కరుగుతుంది. మొదట కాలేది సాకెట్ పిన్ను, పట్టు వదులైన చోట.

చేయాల్సింది ఇది. మీటర్ బోర్డు నుంచి 4 చదరపు మి.మీ. రాగి వైరు విడిగా లాగాలి. లోడు మించితే కరెంటు ఆపే 20 ఆంపియర్ల ఎంసీబీ (సి-కర్వ్ రకం), కరెంటు లీకయితే ఆపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (టైప్-ఏ రకం) పెట్టాలి. మామూలు పవర్ ప్లగ్గు బదులు నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్ బిగించాలి, ఇది గట్టిగా పట్టుకుంటుంది. ఎర్తింగ్ లేకపోతే చాలా చార్జర్లు అసలు స్టార్టే కావు. అప్పుడు ఎర్త్ పిన్నుకు న్యూట్రల్ కలిపి మోసపుచ్చే పని దయచేసి చేయకండి, న్యూట్రల్ తెగిన రోజు బండి బాడీకి కరెంటు వస్తుంది. సాంక్షన్డ్ లోడు, అంటే ఇంటికి మంజూరైన కరెంటు పరిమితి, 1 కిలోవాట్ ఉంటే దాన్నీ పెంచుకోవాలి, కిలోవాట్‌కింత అని డెవలప్‌మెంట్ చార్జీ, డిపాజిట్ కట్టాలి. ఇదంతా కిరాయి మనిషి ఓనర్ గోడ మీద పెట్టే ఖర్చు, ఇల్లు మారితే పోయినట్టే.

మియాపూర్ ఫ్లాట్స్:
మా అపార్ట్‌మెంట్ సంఘం కార్ల చార్జింగ్‌కే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇవ్వలేదు. ఆటోవాళ్ళకు ఎవరిస్తారు?

టారిఫ్ చూడండి:
2024 ఫిబ్రవరిలో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు సవరించింది. ఈవీకి విడిగా కనెక్షన్ అడగవచ్చు. మెట్రో నగరాల్లో 3 రోజులు, మున్సిపాలిటీల్లో 7 రోజుల గడువు. అయితే స్థలం యజమాని సంతకం కావాలి. కాబట్టి నేను మళ్ళీ అదే చెప్తున్నా: గృహజ్యోతి లెక్కలోంచి ఆటో యూనిట్లను విడదీయాలి.

సెల్ బ్యాలెన్స్:
ఇంటి దగ్గరే చార్జింగ్ అనుకోవడమే తప్పు. మధ్యాహ్నం 1 నుంచి 4 దాకా గిరాకీ పలచగా ఉంటుంది. అడ్డా దగ్గర రెండు గంటలు పెడితే బ్యాటరీకి 5 యూనిట్లు ఎక్కుతాయి, 60 కి.మీ. వస్తుంది. 2024 సెప్టెంబర్ కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా సోలార్ వేళల్లో పబ్లిక్ చార్జింగ్ స్టేషన్‌కు సగటు సరఫరా ఖర్చులో 0.7 వంతు టారిఫ్, మిగతా వేళల్లో 1.3 రెట్లు. రాత్రి ఎక్కించేవాడు దాదాపు రెట్టింపు రేటు మోస్తాడు. వేళ మార్చుకుంటే సరిపోతుంది.

అడ్డా లెక్క:
0.7 అనేది స్టేషన్ పెట్టినవాడు డిస్కంకు (కరెంటు పంపిణీ సంస్థకు) కట్టే రేటు. డ్రైవర్ దగ్గర యూనిట్‌కు 15 తీసుకుని, దాని మీద 18 శాతం జీఎస్టీ వేసి 17.70 వసూలు చేస్తే ఆ 0.7 ఎవరికి పోయింది? ఇంట్లో కరెంటుకు జీఎస్టీ లేదు. బయట ఎక్కించుకున్నందుకు పేదవాడు పన్ను కట్టాలి.

సెల్ బ్యాలెన్స్:
రేటు సంగతి పక్కన పెట్టండి, మధ్యాహ్నం వేళ సరైనదా కాదా చెప్పండి.

వైరింగ్ షాపు:
మేలో మధ్యాహ్నం రెండింటికి ఎండలో నిలబెట్టి చార్జింగా?

సెల్ బ్యాలెన్స్:
నీడ ఉండాలి, ఒప్పుకుంటా. నడిచొచ్చిన బండిని అరగంట చల్లారనివ్వాలి. సెల్ ఉష్ణోగ్రత 45-50 డిగ్రీలు దాటితే బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) కరెంటు తగ్గిస్తుంది లేదా ఆపేస్తుంది, అది పాడైనట్టు కాదు. ఇంకో మాట. ఈ ఆటోల్లో ఎక్కువగా ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్, 16 వరసగా కలిపితే 51.2 వోల్టులు. వీటిలో 30 నుంచి 90 శాతం మధ్య వోల్టేజి దాదాపు కదలదు. ఎప్పుడూ సగం సగం ఎక్కిస్తే బండి మీటర్ చూపించే చార్జింగ్ శాతం తప్పుతుంది, 25 చూపిస్తూనే బండి ఆగిపోతుంది. వారానికోసారైనా వంద దాకా నింపి, నిండాక ఇంకో గంట వదిలేస్తే సెల్స్ సర్దుకుంటాయి. సగం ఫిర్యాదులు దీంతోనే తీరతాయి. డ్రైవర్లకు ఇది నేర్పకుండా బండి మంచిది కాదనడం ఏమిటి?

అడ్డా లెక్క:
నేర్పమనండి, ఎవరు వద్దన్నారు? మీరు ప్రతిదానికీ డ్రైవర్ అలవాటే తప్పంటున్నారు. వేళ మార్చుకో, నీడ చూసుకో, వంద నింపుకో. అరగంట చల్లార్చి రెండు గంటలు చార్జింగ్ పెడితే రెండున్నర గంటలు. దానికి డబ్బు ఎవరిస్తారు? బండి కిరాయికిచ్చిన సేఠ్ ఆ రోజు కిరాయి తగ్గిస్తాడా?

సెల్ బ్యాలెన్స్:
మీలాంటివాళ్ళు ప్రతి అడుగుకూ అడ్డుపడటం వల్లే నగరంలో పొగ తగ్గడం లేదు. సిగ్నల్ దగ్గర ఆ పొగ పీల్చేది ముందు ఆటో డ్రైవరే. అతని ఊపిరితిత్తుల లెక్క కూడా వేయండి.

అడ్డా లెక్క:
ఊపిరితిత్తుల పేరు చెప్పి అప్పుల్లోకి తోయకండి. 3 లక్షల అప్పు, 48 నెలలు. 11 శాతానికి ఈఎంఐ సుమారు 7,750. పాత బండి రేటు ఎంత పలుకుతుందో తెలియదని ప్రైవేటు ఫైనాన్స్‌లో 22 శాతం వేస్తే 9,450. నెలకు 1,700 తేడా, మొత్తం మీద 81 వేలు పైచిలుకు. ఈవీలకు కేంద్రం సబ్సిడీ పథకం పీఎం ఈ-డ్రైవ్ రెండో ఏడాదిలో ఆటోకు గరిష్ఠంగా ఇచ్చిన సబ్సిడీ 25 వేలు. సబ్సిడీకి మూడింతలు వడ్డీలోనే పోయింది. పైగా 3 ఏళ్ళు లేదా 80 వేల కి.మీ. వారంటీ ఉన్న మోడల్ అయితే, ఏడాదికి 30 వేలు తిరిగే బండికి అది మూడో ఏడు నిండకముందే అయిపోతుంది. ఈఎంఐ ఇంకా ఏడాదికి పైగా ఉంటుంది. అప్పుడు బ్యాటరీ ప్యాక్ పోతే లక్ష పైన.

నిర్వహణ:
వ్యక్తిగత మాటలు వద్దు. విషయం మీద ఉండండి.

బోడుప్పల్ 3వీలర్:
మీరిద్దరూ ఒకే బండి గురించి మాట్లాడటం లేదు. సెల్ బ్యాలెన్స్ గారు చెప్పేది సొంత బండి డ్రైవర్ సంగతి. అడ్డా లెక్క గారు చెప్పేది రోజు కిరాయికి నడిపేవాడి సంగతి. ఇంధనంలో నెలకు 3-5 వేలు మిగిలితే సొంత బండివాడికి అది ఈఎంఐలో సగం. కిరాయి బండి అయితే సేఠ్ కిరాయి ఆ మేరకు పెంచుతాడు.

సెల్ బ్యాలెన్స్:
సరే, అసలు సంగతి ఇదైతే ముందే చెప్పాల్సింది. నాకు కావలసింది గడువు. ఫలానా తేదీ తర్వాత గ్యాస్ ఆటో రిజిస్ట్రేషన్ లేదు అంటే చార్జర్లు వాటంతటవే వస్తాయి. బండి ఎవరి పేరున ఉందన్నది తర్వాత.

అడ్డా లెక్క:
నాకు ఆర్‌సీ మీద పేరు ముందు, గడువు తర్వాత. పర్మిట్లు ఆపేసిన ఏళ్ళలో పాత ఆటో కాగితమే లక్షలకు అమ్ముడుపోయింది, బాగుపడింది ఫైనాన్సర్లు. బ్యాడ్జి ఉన్న డ్రైవర్‌కు, ఒక మనిషికి ఒక బండి, అప్పుకు ప్రభుత్వ హామీ ఉండాలి. ఆ మూడూ లేకుండా గడువు పెడితే 20 వేల పర్మిట్లూ మళ్ళీ వాళ్ళ చేతికే.

సెల్ బ్యాలెన్స్:
హామీ కోసం ఆగితే ఇంకో పదేళ్ళు పోతాయి. నేను ఒప్పుకోను.

ఉప్పల్ రింగ్:
రెట్రోఫిట్ చవక కదా, దాని మాటేమిటి?

వైరింగ్ షాపు:
రెట్రోఫిట్ కిట్ల ప్రమాణం ఏఐఎస్-123 ప్రకారం ఆమోదం ఉన్న కిట్ అయి ఉండాలి, ఆర్‌సీలో ఇంధనం మార్పు ఎక్కాలి, లేకపోతే ఇన్సూరెన్స్ చెల్లదు. పాత చాసిస్ వెల్డింగులు, వెనక సీటు కింద తుప్పు ముందు చూడాలి. బ్యాటరీ బరువు అక్కడే పడుతుంది.

బోడుప్పల్ 3వీలర్:
పేరు డ్రైవర్‌ది ఉన్నంత మాత్రాన బండి అతనిది కాదు. ఫైనాన్సర్లు ఫారం 29, 30 మీద ఖాళీ సంతకాలు తీసుకుని పెట్టుకుంటారు. అవి యాజమాన్యం మార్చే కాగితాలు. రెండు ఈఎంఐలు ఆగితే బండి ఇంకొకరి పేరుకు పోతుంది. అప్పు తీసుకునేవాడు వాటి మీద సంతకం చేయకూడదు, ఆర్‌సీలో హైపోథికేషన్ (బండి అప్పు కింద తాకట్టులో ఉందని) నమోదు ఉంటే అప్పిచ్చినవాడికి అది చాలు. 2024 అక్టోబర్ 1 నుంచి ఆర్‌బీఐ నిబంధన ప్రకారం బ్యాంకయినా, ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) అయినా కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ (అప్పు ముఖ్య వివరాల కాగితం) ఇవ్వాలి, అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో. తెలుగులో అడగండి, ఉర్దూలో అడగండి. అందులో ఏపీఆర్ (ఏడాది వడ్డీ శాతం) అన్న గడి చూడాలి, ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్స్ కలిపిన నిజమైన వడ్డీ అదే. వీధి ఫైనాన్సర్ ఆ కాగితం ఇవ్వనంటే అక్కడ సంతకం పెట్టొద్దు.

టారిఫ్ చూడండి:
ఇవన్నీ సరే. 200 యూనిట్ల సంగతికి ఎవరూ జవాబివ్వలేదు.

అడ్డా లెక్క:
జవాబు ఉంది. మీటర్ ఇంట్లో కాదు, అడ్డాలో పెట్టాలి. జీహెచ్ఎంసీ కమ్యూనిటీ హాళ్ళ పక్కన 20 ఆటోలు పట్టే రేకుల షెడ్డు, ఎల్‌టీ-9 మీటర్, ఒక్కో సాకెట్‌కు సబ్‌మీటర్. ఇరవై ఒకేసారి పెడితే 60 కిలోవాట్లు కావాలి. రాత్రి పది నుంచి ఆరు దాకా ఎనిమిది గంటలున్నాయి, ఒక్కో బండికి నాలుగు చాలు. రాత్రి రెండింటి దాకా పది బండ్లు, ఆ తర్వాత ఇంకో పది పెడితే 30 కిలోవాట్లతో సరిపోతుంది. సెల్ బ్యాలెన్స్ గారి మధ్యాహ్నం నీడా అక్కడే దొరుకుతుంది.

సెల్ బ్యాలెన్స్:
షెడ్డుకు ఒప్పుకుంటా. గడువు మాత్రం వదలను.